షుగర్ గోడబొమ్మలో మనిషి మావాడు కాదు

మా వైపు ఆసుపత్రి వరండాలో ఒక గోడబొమ్మ ఉంది. కాగితం అంచులు చీకిపోయాయి గానీ రంగులు ఇంకా పోలేదు. బొమ్మలో ఒక మనిషి. పొట్ట చొక్కా గుండీల్ని తోస్తూ ఉంటుంది. చేతిలో లడ్డు, లడ్డు మీద ఎర్ర రంగుతో కొట్టివేత గుర్తు. పక్క బొమ్మలో అదే మనిషి బూట్లు వేసుకుని పార్కులో నడుస్తుంటాడు. కింద పెద్ద అక్షరాలు: బరువు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, తీపి మానండి, వేళకు తినండి.

ఆ బొమ్మ కిందే బల్ల మీద కూర్చుని మావాళ్ళు చీటీ కోసం ఎదురుచూస్తారు. కొండ దిగి, గెడ్డ దాటి, పొద్దున్నే బయల్దేరి నడిచి వచ్చినవాళ్ళు. పక్కటెముకలు లెక్కపెట్టగలిగే ఒళ్ళు. లడ్డు వాళ్ళ కంటబడేది పెళ్ళిలోనో, జెండా పండుగ రోజు బడిలోనో. అలా కూర్చున్నవాళ్ళలో ఒకాయనకి ఆ రోజు షుగర్ మూడొందలు దాటి వచ్చింది. ఆయన బొమ్మ వైపు చూసి, "అదిగో, అలాటోల్లకి వొస్తాదంట. నానేటి తీపి తిన్నానేటి? మిసను సెడిపోనాది కావాల" అన్నాడు. మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది. వచ్చేసరికి కాలి బొటనవేలు నల్లబడిపోయింది.

గోడ మీది బొమ్మ అబద్ధం చెప్పలేదు. పొట్ట ఉన్నవాడికి షుగర్ వస్తుంది, నిజమే. కానీ ఆ బొమ్మ మావాడికి ఒక అబద్ధం చెప్పింది: నీకు రాదు అని.

ఈ పుస్తకంలో కథల మీద, పాటల మీద వ్యాసాలుంటే, మేము గోడబొమ్మ మీద రాయడమేమిటని అడిగేవారు ఉంటారు. మావాళ్ళు ఎక్కువగా ఎదుర్కొనే తెలుగు రాత కథల పుస్తకంలో లేదు. కరపత్రంలో ఉంది, ఆశా కార్యకర్త చేతిలోని ఫారంలో ఉంది, మందుల చీటీలో ఉంది. ఆ రాత ఎవరిని మనిషిగా ఊహించుకుని రాశారో చూడటం కూడా విమర్శ పనే అని మా అభిప్రాయం. కథలో మా మనిషిని తప్పుగా చూపిస్తే మాకు కోపం వస్తుంది. కరపత్రంలో తప్పుగా చూపిస్తే ఒక వేలు పోతుంది, ఒక్కోసారి కాలే పోతుంది.

ముందు ఫారం సంగతి చూద్దాం. ముప్ఫై ఏళ్ళు దాటినవాళ్ళ దగ్గరకు వచ్చి ఆశా కార్యకర్త నింపే కాగితం ఒకటుంది. దేశమంతటికీ ఒకటే నమూనా. వయసు ఎంత, పొగాకు అలవాటుందా, సారా తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత, వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కదిలే పని చేస్తారా, ఇంట్లో ఎవరికైనా షుగరో బీపీయో గుండెజబ్బో ఉందా అని అడుగుతుంది. ఒక్కో జవాబుకి కొన్ని మార్కులు. మొత్తం నాలుగు దాటితే ముందుగా పరీక్షకి పంపాలి. స్కోరుతో పనిలేకుండా ముప్ఫై దాటినవాళ్ళందరికీ పరీక్ష చెయ్యాలనే నియమమూ ఉంది, అది ఒప్పుకోవాలి. కానీ ఒక్క ఆశా, పది కొండశిఖర గ్రామాలు, పెట్టెలో కొద్దిపాటి పరీక్ష పట్టీలు ఉన్నచోట స్కోరు ఎక్కువ ఉన్నవాళ్ళే ముందు. మిగిలినవాళ్ళకి తర్వాత. తర్వాత అంటే ఎప్పుడో మా కొండల్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ ఫారంలో మా ముప్ఫై అయిదేళ్ళ ఆడమనిషిని పెట్టి చూడండి. నడుము సన్నం, సున్నా. వారానికి 150 నిమిషాల పని? నీళ్ళకే ఒక్క రోజులో అంత నడుస్తుంది, సున్నా. ఇంట్లో షుగర్ ఉందా? వాళ్ళమ్మ ఏ జబ్బుతో పోయిందో ఎవరూ కాగితం మీద పెట్టలేదు, కాబట్టి లేదు, అదీ సున్నా. తల్లి ఎండిపోయి ఎండిపోయి, రాత్రిళ్ళు పదిసార్లు బయటికి లేచి, పోసినచోట చీమలు పట్టి, చివరికి జ్వరంతో పోయిందన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ జ్ఞాపకమే. ఫారం ఆ ప్రశ్న అడగలేదు. మీ అమ్మకి షుగర్ ఉందా అని అడిగింది. ఎప్పుడూ పరీక్షే చెయ్యని ఊళ్ళో ఆ ప్రశ్నకి జవాబు లేదనే వస్తుంది. పరీక్ష లేకపోవడాన్ని జబ్బు లేకపోవడంగా రాసుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

సన్నటివాళ్ళకి షుగర్ ఎలా వస్తుందన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. తిండి చాలని దేశాల్లో బక్కచిక్కిన పడుచువాళ్ళకి వచ్చే ఒక రకం షుగర్ గురించి 1955లోనే జమైకా నుంచి వైద్యులు రాశారు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహం అని ఒక తరగతిగా గుర్తించింది. 1999లో ఆధారాలు చాలవని జాబితాలోంచి తీసేసింది. ఆ తర్వాత వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులూ అమెరికా వైద్యులూ కలిసి ఈ రోగుల మీద పనిచేశారు. వీళ్ళ ఒంట్లో ఇన్సులిన్ తయారీయే తక్కువ, లావుపాటివాళ్ళలో లాగా ఉన్న ఇన్సులిన్ పనిచెయ్యకపోవడం కాదు అని చూపించారు. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్ 5 అని గుర్తించింది. తీసేసినప్పటి నుంచి మళ్ళీ పేరు పెట్టేదాకా ఇరవయ్యారేళ్ళు. ఆ ఇరవయ్యారేళ్ళూ జబ్బు జాబితాలో లేదు, ఒంట్లో ఉంది.

పుణేలో యాజ్ఞిక్ గారు పసిపిల్లల మీద చేసిన పని ఇంకో సంగతి చెబుతుంది. మన దేశపు పిల్ల తక్కువ బరువుతో పుట్టినా కండే తక్కువ, లోపలి కొవ్వు అంత తక్కువ కాదు. కడుపులో ఉన్నప్పుడు కరువు చూసిన ఒళ్ళు పెద్దయ్యాక కొంచెం తిండి మారినా తట్టుకోలేదు. మా తల్లులు ఏ నెలల్లో ఏం తిని మమ్మల్ని మోశారో మాకు తెలుసు. వానాకాలంలో గాదె అడుగు కనిపించే నెలల్లో పుట్టినవాళ్ళం మాలో చాలామందిమి.

ఇక బరువు తగ్గించండి అన్న మాట. పెద్ద పేరున్న ఒక అధ్యయనం నుంచి ఆ సలహాకి బలం వచ్చింది. 2002లో అమెరికాలో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, బరువు ఏడు శాతం తగ్గించుకుని, వారానికి 150 నిమిషాలు నడిచినవాళ్ళలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. అందులో పాల్గొన్నవాళ్ళు బరువెక్కువ ఉన్నవాళ్ళు. వాళ్ళకి అది మంచి సలహా, పెద్ద విజయం కూడా. అదే వాక్యాన్ని యథాతథంగా తెలుగు చేసి, నలభై రెండు కిలోల మా మనిషి ముందు పెడితే ఏమవుతుంది? ఏడు శాతమంటే మూడు కిలోలు. ఆ మూడు కిలోలు ఎక్కడి నుంచి తీసివ్వమంటారు? షుగర్ ఉన్నవాడికి క్షయ వచ్చే ప్రమాదం సుమారు మూడింతలు. ఒళ్ళు చిక్కినవాడికి ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మావాళ్ళకి కావలసింది బరువు తగ్గే సలహా కాదు, బరువు పెరిగే తిండి. పప్పు, గుడ్డు, వేరుశెనగ. అనువాదం అంటే మాట మార్చడమే కాదు, మాట అందుకునే ఒంటిని కూడా చూడాలి.

ఇక్కడ ఒక్క క్షణం మా కొండలు దిగి దూరం వెళ్తాం. ఎందుకంటే షుగర్ గురించి ప్రపంచంలో ఎక్కువగా పరీక్షలకు గురైన ఆదివాసులు వేరే ఉన్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో గిలా నది ఒడ్డున ఉండే అకిమెల్ ఓధమ్ ప్రజలు. బయటివాళ్ళు పెట్టిన పేరు పీమా. వాళ్ళు కాలువలు తవ్వి సాగుచేసుకున్న రైతులు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడినవాళ్ళు నీళ్ళు మళ్ళించుకుంటే నది ఎండిపోయింది. పొలాలు పోయాయి, కరువొచ్చింది, తర్వాత సర్కారు తిండి వచ్చింది. తెల్ల పిండి, పంది కొవ్వు, పంచదార. 1965 నుంచి అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఒళ్ళని రెండేళ్ళకోసారి పరీక్షిస్తూ వచ్చింది. పెద్దవాళ్ళలో సగం మందికి షుగర్ ఉందని తేలింది. ఎందుకంటే వాళ్ళ రక్తంలోనే పొదుపు చేసే జన్యువు ఉంది కాబట్టి అన్నారు. 1962లో జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఊహ అది. కరువులు దాటడానికి పనికొచ్చిన జన్యువు కలిమిలో చేటు చేస్తుందని దాని సారం.

ఆ కథనం చాలామందికి నచ్చింది. నది ఎవరు మళ్ళించారన్న ప్రశ్న అందులో లేదు మరి.

సరిహద్దుకి అవతల, మెక్సికోలోని సొనోరా కొండల్లో మైకోబా అనే చోట అదే వంశపు పీమాలు ఉన్నారు. 2006లో అచ్చయిన పోలికలో అమెరికా వైపు పీమాల్లో 38 శాతం మందికి షుగర్ ఉంటే, మెక్సికో వైపు వాళ్ళలో 6.9 శాతమే. దగ్గరి రక్తం, వేరే బతుకు. అవతలివాళ్ళు అప్పటికి తమ చేలు తామే దున్నుకుంటూ, చిక్కుళ్ళూ మొక్కజొన్నా తింటూ ఉన్నారు. రక్తాన్ని నిందించిన ఊహకి గీతకవతల ఉన్న చుట్టాలే జవాబయ్యారు. జన్యువులకి పాత్రే లేదని మేము అనడం లేదు. నీళ్ళు మళ్ళించినవాడి పేరు రాయకుండా రక్తం పేరు మాత్రం రాసిన పద్ధతిని అంటున్నాం.

అదే అరిజోనాలో హవసుపాయి అనే చిన్న తెగ ఉంది. షుగర్ మీద పరిశోధన అని 1990 నుంచి వాళ్ళ దగ్గర రక్తం తీసుకున్నారు. ఆ రక్తాన్ని మానసిక వ్యాధుల మీదా, ఆ జాతి ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీదా వాడారని వాళ్ళకి తర్వాత తెలిసింది. కోర్టుకెళ్ళారు. 2010లో విశ్వవిద్యాలయం 41 మందికి ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తపు నమూనాలు తిరిగి ఇచ్చింది. మా ఊళ్ళలో రక్తం తీయడానికి జీపు దిగినవాళ్ళని చూసి ముసలివాళ్ళు లోపలికి పోతారు. దాన్ని మూఢనమ్మకం అని రాసేవాళ్ళు ఈ సంగతి ఒకసారి చదవాలి.

మా గీత దగ్గరికి తిరిగి వద్దాం. మాలో కొందరం సాలూరు వైపు వాళ్ళం, కొందరం చింతూరు వైపు వాళ్ళం. సాలూరు మండలానికీ ఒడిశాలోని కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ మధ్య కొటియా గ్రామాలున్నాయి. ఇరవయ్యొక్క ఊళ్ళు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లో వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్ళింది. 2006లో కోర్టు తేల్చకుండానే ముగించింది. 2021లో ఆంధ్ర అక్కడ మూడు ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెళ్ళింది. అక్కడివాళ్ళకి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు ఉంటాయని పత్రికలు వింతగా రాస్తుంటాయి. రెండు చేతులా తింటున్నారన్నట్టు. గీత గీసింది వాళ్ళు కాదు, గీత మీద పుట్టారు. చింతూరు వైపు ఇంకో రకం: ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో ఊళ్ళు కట్టుకున్న గుత్తికోయలకి ఈ వైపు ఎస్టీ సర్టిఫికెట్టే పెద్ద సమస్య. ఒకచోట రెండు కార్డులు, ఒకచోట ఒకటీ కష్టమే. కానీ షుగర్ దగ్గరకొచ్చేసరికి రెండూ ఒకటే. మనిషి ఒక్కడే, అతని కాగితాలు మాత్రం ఒకచోట లేవు.

మాలో ఒకరి చిన్నాన్న సంగతి చెప్తాం. ఆయనకి ఆంధ్ర వైపు ఒక ఆసుపత్రిలో షుగర్ ఉందని చెప్పి రెండు రకాల మాత్రలిచ్చారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. ఒక నెల తరవాత సంతకి పోయినప్పుడు ఒడిశా వైపు వైద్య శిబిరంలో మళ్ళీ పరీక్ష చేసి, మళ్ళీ మందులిచ్చారు. అవే మందులు. కంపెనీ వేరు, అట్ట రంగు వేరు, మాత్ర ఆకారం వేరు. చీటీ మీద ఇంగ్లీషు. ఈ వైపు మాత్రలు షుగర్‌కి, ఆ వైపు మాత్రలు నీరసానికి అనుకున్నాడాయన. రెండూ వేసుకున్నాడు, మానకుండా. మా ఇళ్ళలో మందు పారేయడం అలవాటు లేదు.

తెల్లవారుజామున మాత్రలేసుకుని పోడుకి వెళ్తాడు. అంబలి పట్టుకొచ్చేది పదకొండింటికి. ఒకరోజు అంబలి రాకముందే చెమటలు పట్టి, మాట తడబడి, గట్టు మీద కూలబడ్డాడు. పొద్దున్నే జీలుగు కల్లు తాగాడనుకున్నారు అందరూ. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకొచ్చిన మనవరాలు బెల్లం నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. కాసేపటికి తేరుకున్నాడు. ఎవరు చెప్పారే అని అడిగితే, బడికి వచ్చిన నర్సమ్మ ఒకసారి చెప్పిందంది.

ఇక్కడ ఏ ఆసుపత్రి తప్పూ లేదు. ఎవరి చీటీ వాళ్ళు సరిగ్గానే రాశారు. రెండు సరైన చీటీలు ఒక మనిషి ఒంట్లో కలిసి అతన్ని పడగొట్టాయి. గోడబొమ్మని మళ్ళీ గుర్తుచేసుకోండి. అందులో తీపి మీద కొట్టివేత గుర్తుంది. షుగర్ పడిపోతే అదే తీపి ప్రాణం నిలుపుతుందన్న మాట ఎక్కడా లేదు. చెమట, వణుకు, తడబాటు వస్తే బెల్లమో పంచదారో నోట్లో వేసుకోవాలని, మాత్ర వేసుకుని తిండి తినకుండా కొండెక్కకూడదని, ఖాళీ కడుపున కల్లు తాగితే ఇంకా ప్రమాదమని ఒక్క ముక్క లేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర చేతిలో పెట్టి ఈ సంగతి చెప్పకపోవడం, కొడవలి చేతికిచ్చి పదునుందని చెప్పకపోవడం లాంటిది. వేళకు తినండి అన్నది సలహా. తిన్నాకే ఈ మాత్ర వేసుకో అన్నది మందు. మొదటిది రాశారు.

పరీక్షల్లో కూడా ఇలాంటి చిక్కే ఒకటుంది. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఉంది. పరగడుపున రానక్కర్లేదు, ఎప్పుడైనా రక్తమివ్వొచ్చు. అందుకే శిబిరాల్లో దానికి గిరాకీ. 6.5 దాటితే షుగర్. కానీ ఆ లెక్క ఎర్ర రక్తకణం మామూలుగా మూడు నాలుగు నెలలు బతుకుతుందన్న నమ్మకం మీద నిలబడింది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళలో కణం త్వరగా చనిపోతుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. ఇనుము చాలక రక్తహీనత ఉన్నవాళ్ళలో ఎక్కువ చూపించొచ్చు. మా ఊళ్ళలో ఈ రెండూ ఉన్నాయి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, నలభై ఏళ్ళలోపు వాళ్ళందరికీ పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. మంచిదే. ఆ కార్డునీ షుగర్ చీటీనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాత్రం మాకింకా ఎదురవలేదు. ఒక చీటీ ఇంకో చీటీని అబద్ధం చేస్తోందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమే చదివి తెలుసుకున్నాం. ఇలాంటివాళ్ళకి పరగడుపు రక్తం 126, గ్లూకోజు నీళ్ళు తాగిన రెండు గంటలకి 200 అన్న పాత లెక్కే నమ్మకమైనది.

తిండి విషయంలో మాకు రెండు వైపులా కోపముంది. మొదట, బియ్యాన్ని తిట్టేవాళ్ళ మీద. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా ఇళ్ళలో వానాకాలపు ఆకలి తగ్గింది. కడుపు నిండినవాళ్ళకి తెల్లన్నాన్ని తిట్టడం తేలిక. అయితే కంచంలో అన్నం పెరిగి పప్పు పెరగలేదన్నది నిజం. కార్డు మీద బియ్యం వచ్చినంత నమ్మకంగా కందిపప్పు రాదు. మా పోడులో చోళ్ళు, సామలు, కందులు, అనుములు, గుమ్మడి అన్నీ కలిసి పండేవి. ఇప్పుడు ఆ వాలులో చాలాచోట్ల జీడిమామిడి తోటలు. డబ్బు వస్తుంది, డబ్బుతో బియ్యం వస్తుంది, బియ్యంతో పాటు బిస్కెట్టు పొట్లం వస్తుంది.

రెండో కోపం, చోళ్ళకి తిరిగి పొండి అని బోధించేవాళ్ళ మీద. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. మా తిండి పట్నంలో మందయింది, ధర పెరిగింది, మా సంతలో వ్యాపారి బస్తాలకెత్తుకుపోయాడు. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి, చోళ్ళని మద్దతు ధరకి కొని, కొన్నిచోట్ల రేషన్లో కూడా ఇచ్చింది. ఆ పనిని మెచ్చుకోవాలి, గీతకి ఈ పక్కనున్న మాకు అసూయ కూడా ఉంది. కానీ చోళ్ళు మంత్రం కాదు. మెత్తగా మరాడించి పల్చగా కాచిన చోడి జావ షుగర్ని తొందరగానే పెంచుతుంది. గట్టి సంకటి, పక్కన పప్పో ఆకుకూరో ఉంటే సంగతి వేరు. రాగిజావ తాగితే షుగర్ పోతుందని వేదికల మీద చెబుతున్న పెద్దలు, మావాళ్ళు మాత్రలు మానేసి జావ తాగుతున్నారని కూడా తెలుసుకోవాలి.

ఇన్సులిన్ గురించి ఒక మాట. ఫ్రిజ్‌లో పెట్టాలని చీటీ మీద రాస్తారు. ఫ్రిజ్ లేదని చెబితే, అయితే మాత్రలతోనే నెట్టుకురండి అంటారు. పైన చెప్పిన బక్క షుగర్ వాళ్ళలో కొందరికి మాత్రలు చాలవు. 2021లో సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ఒక సంగతి తేల్చాయి. వాడటం మొదలుపెట్టిన ఇన్సులిన్ 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాల పాటు ఉన్నా బలం తగ్గదని. కెన్యాలోని శరణార్థి శిబిరంలో ఇళ్ళ వేడిని కొలిచి మరీ చూశారు. కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి మధ్యలో సీసా పెట్టుకుంటే మా కొండల చల్లదనానికి ఇంకా ధైర్యం. ఫ్రిజ్ బదులు కుండ బొమ్మ వేసిన ఒక్క కరపత్రం మాకు చూపించండి.

ఇంతా చెప్పి మా వంతు చెప్పుకోకపోతే అన్యాయం. మేమూ రాసేవాళ్ళమే. మా కథల్లో మలేరియా ఉంది, డోలీ మోత ఉంది, దారిలో పురుడు పోసుకున్న తల్లి ఉంది. షుగర్ లేదు. ఎందుకు లేదని మేము కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకరన్నారు, షుగర్ నెమ్మదిగా చంపుతుంది, కథకి పనికిరాదని. ఇంకొకరు ఇంకా చేదుగా చెప్పారు: షుగర్ ఉన్న గిరిజనుడు మనకి కూడా నిజమైన గిరిజనుడిలా కనబడడు అని. అడవి బిడ్డ ఆరోగ్యంగా ఉంటాడు, వస్తే అడవి జ్వరమే వస్తుంది అన్న బొమ్మని మైదానం వాళ్ళు గీశారు, మేము ఫ్రేము కట్టాం. గోడబొమ్మ గీసినవాడికీ మాకూ అక్కడ పెద్ద తేడా లేదు. 2023లో వచ్చిన జాతీయ అధ్యయనం దేశంలో 11.4 శాతం పెద్దవాళ్ళకి షుగర్ ఉందని, పల్లెల్లో 8.9 అని చెప్పింది. పల్లె అన్న ఆ ఒక్క గడిలోనే కోనసీమా ఉంది, కొటియా కొండా ఉంది. మమ్మల్ని విడిగా లెక్కపెట్టమని అడగాల్సింది కూడా మేమే.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. సరిహద్దు సంతకి రెండు రాష్ట్రాల వాళ్ళూ వస్తారు. పరీక్ష బల్ల అక్కడ వెయ్యండి. సంతలో పరగడుపు మనుషులు దొరకరు. కాబట్టి అప్పటికప్పుడు చూసి, ఎక్కువ వచ్చినవాళ్ళకి మళ్ళీ పరగడుపు పరీక్ష వాళ్ళ ఊళ్ళోనే చెయ్యండి. నడుము కొలత పక్కన ఇంకో నాలుగు ప్రశ్నలు చేర్చండి: ఈ ఏడాది ఒళ్ళు చిక్కిందా, రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు, పోసినచోట చీమలు పడుతున్నాయా, పుండు మానడం లేదా. చీటీ మీద మందు అసలు పేరు తెలుగులో, ఒడియాలో, తినక ముందా తిన్నాకా అన్నది బొమ్మలో. ఆశా కార్యకర్తకి కువి వస్తే కువిలో, కోయ వస్తే కోయలో చెప్పే వీలు. రెండు వైపులా ఒకే పుస్తకం.

ఆ ఆఖరిది మా చిన్నాన్న తనకి తానే మొదలుపెట్టాడు. పడిపోయిన రోజు తర్వాత మనవరాలి పాత నోటుపుస్తకం తీసుకుని రెండు వైపుల చీటీల్నీ అన్నం మెతుకులతో అందులో అంటించాడు. ఏ ఆసుపత్రికెళ్ళినా ముందు ఆ పుస్తకం బల్ల మీద పెడతాడు. మొదట్లో ఇదేంటి, మా రికార్డు మాకుంది కదా అని విసుక్కున్నారు. పోయిన నెల ఒడిశా వైపు డాక్టరు పేజీలన్నీ తిప్పి చూసి, ఆంధ్ర వైపు రాసిన మందుల్లో ఒకదాన్ని కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, తేదీ వేశారు. చిన్నాన్న ఆ పేజీ మాకు చూపించి, "ఇంక ఈయనా ఆయనా మాట్లాడుకున్నట్టే కదరా" అన్నాడు. పుస్తకం వెనకాల పది కాగితాలు మిగిలాయి. కొత్తది కొనమని మనవరాలికి డబ్బులిచ్చాడు.